విరిగిన ఎముక, రెండో రాత్రి

ఆర్థో వార్డులో రాత్రి మూడు దాటింది. ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నా దోమలు పోవడం లేదు. మంచాల మధ్య చాపలు, దుప్పట్లు పరుచుకుని పేషెంట్ల మనుషులు ఒకరి కాళ్ల దగ్గర ఒకరు తల పెట్టి పడుకున్నారు. వాళ్లను తొక్కకుండా చూసుకుంటూ నడవండి. కిటికీ పక్కన మూడో మంచం దగ్గర ఆగుదాం. కుర్రాడి కుడికాలు ఇనుప చట్రంలో ఎత్తుగా ఉంది. పాదం దగ్గర మొదలైన తాడు మంచం చివరి కప్పీ మీదుగా కిందికి దిగి, బరువు వేలాడేసుకుని ఉంది. ట్రాక్షన్ అంటారు. విరిగిన ఎముక ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా కాలిని లాగి పట్టే ఏర్పాటు.

వయసు ఇరవై మూడు. శనివారం పొద్దుగూకాక బండి మీద ఇంటికి వస్తూ, వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కును గుద్దుకున్నాడు. తొడ ఎముక నడిమికి విరిగింది, మోకాలి కింద ఎముక కూడా. హెల్మెట్ ఉండబట్టి తలకు గీత కూడా పడలేదు. స్పృహ తప్పలేదు. 108 వచ్చేలోగా తన ఫోను తనే తెరిచి బావకు కాల్ చేశాడు. ఆదివారం పొద్దున నాలుగు ఇడ్లీలు తిన్నాడు, బండి ఏ స్టేషన్లో పెట్టారని అడిగాడు, ఏడవొద్దని అమ్మను కసిరాడు. ఆపరేషన్ సోమవారం అన్నారు. ఆదివారం థియేటర్లో అత్యవసర కేసులకే చోటు. రక్తం కూడా సర్దుబాటు కావాలి. ఈ కుర్రాడికి నేను పేరు పెట్టను. ఇలాంటి వార్డుల్లో ఏటా కనిపించే చాలామంది ఇతనిలో ఉన్నారు.

ఇప్పుడు వినండి. మాట్లాడుతున్నాడు.

"బర్రెల్ని కట్టేశారా?"

కింద చాప మీద అమ్మ లేచి కూర్చుంది. "ఏంది నానా? బర్రెలేంది?" ఆ ఇంట్లో బర్రెల్ని అమ్మేసి చాలా ఏళ్లయింది. కుర్రాడు ఆమె వైపే చూస్తున్నాడు, ఆ చూపులో గుర్తింపు లేదు. చేతికున్న సెలైన్ సూదిని గోకుతున్నాడు, ప్లాస్టర్ అంచు పీకుతున్నాడు. "అక్కని పిలు, చీకటి పడింది," అంటున్నాడు. అటు పక్క నుంచి బావ నిద్రకళ్లతోనే సర్దిచెప్పాడు. "మత్తింజక్షన్ చేశారుగా అత్తా, దాని పలవరింతలే. పొద్దునకి దిగిపోద్ది. పడుకో."

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బావ చెడ్డవాడు కాదు, రెండు రాత్రుల నుంచి నిద్ర లేనివాడు. నొప్పి తగ్గడానికి ఇచ్చే ట్రమడాల్ లాంటి మందులకు కొందరు నిజంగానే పలవరిస్తారు. కానీ పొడుగు ఎముక విరిగిన మనిషికి, తలకు దెబ్బ తగలని మనిషికి, నిన్నంతా తిన్నగా మాట్లాడినవాడికి రెండో రాత్రి మాట తేడా వచ్చిందంటే అది మత్తేనని ఇంట్లోవాళ్లు తీర్పు చెప్పేసుకోకూడదు. ఆ తీర్పు చెప్పేముందు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. మంచం పక్కన నిలబడిన ఎవరైనా చూడగలిగినవి.

అతని ఛాతీ మీద దుప్పటి చూడండి. లేస్తోంది, దిగుతోంది, వెంటనే లేస్తోంది. వాచీ ముందు పెట్టుకుని ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టండి. ముప్పై నాలుగు. పడుకుని ఉన్న ఆరోగ్యవంతుడు నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీసుకుంటాడు. ఇతను పరిగెత్తడం లేదు, కదలడమే లేదు, అయినా ముప్పై నాలుగు. మెడ పక్కన నరం ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూడండి. నుదురు తాకితే కాలుతోంది. పెదవుల రంగు ఈ ట్యూబులైటు వెలుతురులో తెలియదు, కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు.

అమ్మకు ఇవేవీ లెక్కలుగా తెలియవు. కొడుకు తనను గుర్తుపట్టలేదన్నది ఒక్కటే తెలుసు. అది చాలు. లేచి, పడుకున్నవాళ్లను దాటుకుంటూ, వార్డు చివర బల్ల దగ్గరికి వెళ్లింది. "సిస్టరమ్మా, మావాడు తేడాగా మాట్లాడుతున్నాడమ్మా. ఒక్కసారి రామ్మా."

సిస్టర్ వచ్చింది. నలభై మంచాలకు ఆ రాత్రి ఆమె ఒక్కతే, అయినా వచ్చింది. వేలికి ఆక్సీమీటర్ తగిలించింది. అంకె కాసేపు ఊగి 84 దగ్గర నిలబడింది. ఆమె దాన్ని వెంటనే నమ్మలేదు. చెయ్యి చల్లబడినా, గోటికి రంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. చెయ్యి రుద్ది, రెండో చేతి వేలికి పెట్టింది. 83. నాడి 128. చంకలో థర్మామీటర్ తీస్తే 101 పైన. ఇక ఆలోచించలేదు. తలవైపు మంచం ఎత్తింది, సంచి ఉన్న ఆక్సిజన్ మాస్క్ మొహానికి బిగించి పదిహేను లీటర్లకు తిప్పింది, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసింది. "మేడమ్, తొడ ఎముక కుర్రాడు. శాచురేషన్ ఎనభై మూడు, కన్ఫ్యూజ్డ్‌గా ఉన్నాడు. వెంటనే రండి."

నా లెక్కలో ఆ రాత్రి ప్రాణం నిలిపిన పనుల్లో మొదటివి ఈ రెండే. అమ్మ లేచి వెళ్లడం, సిస్టర్ అంకెను రెండోసారి చూసి నమ్మడం.

డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చేలోగా ఆ తొడలో శనివారం నుంచి ఏం జరుగుతోందో చూద్దాం. తొడ ఎముక లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలు నిండా మూలుగ. చిన్నపిల్లల్లో అది ఎర్రగా, రక్తం తయారుచేస్తూ ఉంటుంది. ఎదిగేకొద్దీ పొడుగు ఎముకల మధ్యభాగంలో పసుప్పచ్చగా మారి చాలామటుకు కొవ్వే అవుతుంది. చిన్నపిల్లలకు ఈ జబ్బు అరుదుగా రావడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. ఎముక విరిగినప్పుడు మూలుగలోని సన్నటి సిరలు తెగుతాయి. అవి చుట్టూ ఉన్న గట్టి ఎముకను అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి తెగినా ముడుచుకోవు, నోళ్లు తెరుచుకునే ఉంటాయి. లోపల రక్తం చేరి ఒత్తిడి పెరిగేకొద్దీ కొవ్వు చుక్కలు ఆ నోళ్లలోకి దూరుతాయి. చారు మీద తేలే నూనె చుక్కల్లా రక్తంలో తేలుతూ గుండె కుడివైపుకి, అక్కడినుంచి ఊపిరితిత్తులకు చేరతాయి. అక్కడి నాళాలు ఎంత సన్నవంటే ఎర్రకణాలు ఒక్కొక్కటిగా వరసలో పోవాలి. కొవ్వు చుక్క అక్కడ ఇరుక్కుంటుంది.

ఇంతవరకూ తొడ ఎముక విరిగిన దాదాపు ప్రతి ఒక్కరిలోనూ ఎంతోకొంత జరుగుతుంది. చాలామందికి ఆ సంగతే తెలియకుండా సర్దుకుపోతుంది. జబ్బుగా ముదిరేది ఒక పొడుగు ఎముక విరిగిన నూరుమందిలో ఒకరికో ఇద్దరికో. రెండు తొడలూ విరిగితే ఆ ప్రమాదం బాగా పెరుగుతుంది. ఒకే కాలిలో పైన, కింద విరిగిన మన కుర్రాడూ ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లలోనే లెక్క. ఈ జబ్బుకు డాక్టర్ల భాషలో పేరు ఫ్యాట్ ఎంబాలిజం సిండ్రోమ్.

మరి శనివారం విరిగితే సోమవారం తెల్లవారుజాము దాకా ఎందుకు ఆగింది? అడ్డుపడటంతోనే కథ అయిపోదు కాబట్టి. ఇరుక్కున్న కొవ్వును ఊపిరితిత్తుల్లోని లైపేజ్ అనే ఎంజైమ్ మెల్లగా విడగొడుతుంది. అప్పుడు వెలువడే ఫ్యాటీ ఆమ్లాలు నాళాల గోడల్ని, గాలి గదుల పొరను కాలుస్తాయి. గోడలు కారి, గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. దీనికి సమయం పడుతుంది. అందుకే లక్షణాలు చాలావరకు 24 నుంచి 72 గంటల మధ్య బయటపడతాయి, కొందరికి 12 గంటల్లోనే. అడ్డుపడటం ప్రధానమా, ఈ రసాయన దాడి ప్రధానమా అన్న వాదన 1920ల నుంచి నడుస్తోంది. రెండూ కలిసే పనిచేస్తాయని ఇవాళ ఎక్కువమంది అంటారు. ఏదైనా, మధ్యలో వచ్చే ఆ మామూలు రోజు, ఇడ్లీలు తిని అమ్మను కసిరిన ఆదివారం, దానిలోనే మోసం ఉంది. గండం గడిచిందనుకుని అందరూ నిద్రపోయే వేళకు ఇది లేస్తుంది.

డాక్టరమ్మ వచ్చింది. ఆర్థో పీజీ, రెండో సంవత్సరం కాబోలు. జుట్టు ముడేసుకుంటూనే ప్రశ్నలు మొదలుపెట్టింది. "బాబూ, కళ్లు తెరు. ఎక్కడున్నావ్ ఇప్పుడు?" కుర్రాడు తెరిచాడు, జవాబు చెప్పలేదు. కంటి పాపలు రెండూ సమానంగా ఉన్నాయి, వెలుతురుకు ముడుచుకున్నాయి. కాళ్లూ చేతులూ రెండువైపులా కదులుతున్నాయి.

"అమ్మా, రోజూ మందు తాగే అలవాటుందా?"

ఆ ప్రశ్నకు అమ్మ ముఖం మాడిపోయింది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "తప్పుపట్టడానికి కాదమ్మా. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆగిపోతే రెండో రోజో మూడో రోజో ఇలాగే పలవరిస్తారు. అందుకే అడగాలి." అలవాటు లేదని బావ గట్టిగా చెప్పాడు. ఈ ప్రశ్నకు ఇంట్లోవాళ్లు నొచ్చుకుని అబద్ధం చెబితే రోగ నిర్ధారణ దారి తప్పుతుంది. పరువు ఆ గదిలో పనికిరాని వస్తువు.

ఆమె మనసులో జాబితా కదులుతోంది. తలలో ఆలస్యంగా రక్తం కారుతోందా? స్కాన్ చేయించాలి. గుద్దుకున్నప్పుడు ఊపిరితిత్తి నలిగిందా? అలాగైతే శనివారం ఎక్స్‌రేలోనో మొదటి రోజునో తెలిసేది. కాలి నరంలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తికి చేరిందా? అది సాధారణంగా ఇంకొన్ని రోజులు గడిచాక వస్తుంది, కానీ రాదని చెప్పలేం. న్యుమోనియానా? సోడియం పడిపోయిందా? ఫ్యాట్ ఎంబాలిజాన్ని రుజువు చేసే ఒకే ఒక్క పరీక్ష లేదు. మూత్రంలో కొవ్వు చుక్కలు కనిపించినా అది రుజువు కాదు, కనిపించకపోయినా కాదనలేం. మిగతావాటిని ఒక్కొక్కటిగా తోసేస్తూ, ఈ మనిషిని చూస్తూ తేల్చుకోవాలి.

చొక్కా గుండీలు విప్పింది. మెడ చూసింది, ఛాతీ చూసింది. చెయ్యి ఎత్తి చంక చూసింది. తెల్లగా పౌడరు.

"పౌడరు ఎవరు రాశారమ్మా?"

"నేనే అమ్మా. సాయంత్రం తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే ఎర్రగా కనిపించినయ్. చెమటకాయలనుకుని అద్దాను."

డాక్టరమ్మ తడి దూదితో పౌడరు తుడిచింది. దగ్గరికి రండి, చూడండి. గుండుసూది తలంత ఎర్రటి చుక్కలు. చంకలో, మెడ కింద, ఛాతీ పైభాగంలో. వేలితో నొక్కి వదిలింది. మామూలు దద్దురు అయితే నొక్కినప్పుడు ఎరుపు పోయి మళ్లీ వస్తుంది. ఇవి పోలేదు. చర్మం లోపల సన్ననాళాలు చిట్లి కారిన రక్తం అది. కింది కనురెప్ప కిందికి లాగి టార్చి వేసింది. ఎర్రటి లోపలి పొర మీద అక్కడా రెండు మూడు. ఇవి పైభాగంలోనే ఎందుకు వస్తాయన్నదానికి ఒక వివరణ ఉంది: కొవ్వు రక్తం కన్నా తేలిక కాబట్టి పడుకున్న మనిషి మహాధమనిలో పైకి తేలి, మెడకూ భుజాలకూ పోయే కొమ్మల్లోకి వెళ్తుందని. ఈ చుక్కలు అందరికీ రావు. కనిపించేది సగంకన్నా తక్కువమందికే, అది కూడా కొద్ది రోజులే, వారం తిరిగేసరికి మాయమవుతాయి. ఛాయ నల్లగా ఉన్న ఒంటి మీద ఇంకా కష్టం. అందుకే కంటి రెప్ప కింద, నోట్లో అంగిలి మీద కూడా టార్చి వేసి చూడాలి. కనిపిస్తే మాత్రం దీనంత గట్టి ఆధారం ఇంకొకటి లేదు.

1970లో గర్డ్ అనే వైద్యుడు ఈ జబ్బును గుర్తించడానికి లక్షణాల జాబితా ఒకటి రాశాడు. నాలుగేళ్ల తర్వాత విల్సన్‌తో కలిసి దాన్ని సవరించాడు. ప్రధానమైనవి మూడు: చర్మం మీద చుక్కలు, ఊపిరితిత్తుల ఇబ్బంది, తలకు దెబ్బ లేకుండానే మతి చెదరడం. జ్వరం, నాడి వేగం, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు పడిపోవడం లాంటివి వాటికి తోడు. 1983లో షోన్‌ఫెల్డ్ బృందం మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. అందులో చుక్కలకు 5, ఎక్స్‌రేలో రెండువైపులా మసకకు 4, రక్తంలో ఆక్సిజన్ తగ్గితే 3, మతి చెదిరితే, జ్వరం వస్తే, నాడి 120 దాటితే, ఊపిరి 30 దాటితే ఒక్కొక్కటి. అయిదు వస్తే జబ్బు ఉన్నట్టే. మన కుర్రాడికి ఎక్స్‌రే తీయకముందే పన్నెండుకు పన్నెండు పడతాయి. కానీ మార్కులు చూసి నిర్ధారణ అయిందని కూర్చునేవాడు డాక్టర్ కాడు. ఆమె అప్పటికే మత్తు డాక్టర్‌కీ, మెడిసిన్ డ్యూటీకీ ఫోన్ చేసింది.

స్ట్రెచర్ వచ్చింది. కాలికి చట్రం, మొహానికి మాస్క్, పక్కన సిలిండర్ ఈడ్చుకుంటూ వార్డుబాయ్. వరండాలో చక్రాల చప్పుడుకు పడుకున్నవాళ్లు కాళ్లు ముడుచుకుంటున్నారు. ఐసీయూ తలుపు దాటాక ముంజేతి ధమని నుంచి రక్తం తీశారు. మాస్క్ తీయకుండానే తీశారు, అయినా ఆక్సిజన్ పీడనం 58. గది గాలిలోనే 80కి పైన ఉండాల్సింది. పోర్టబుల్ ఎక్స్‌రే వచ్చింది. శనివారం నాటి ఫిల్మును పక్కన పెట్టి చూడండి. అందులో ఊపిరితిత్తులు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఇందులో రెండువైపులా తెల్లటి మసక. ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైనుంచి లక్ష కిందికి పడ్డాయి. హిమోగ్లోబిన్ కూడా పడింది, తొడలోకి కారిన రక్తం లెక్కకు మించి. మెదడు సీటీ మాత్రం మామూలుగానే ఉంది. ఈ జబ్బులో అది చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. తర్వాత ఎమ్మారై తీస్తే మెదడంతా చిన్నచిన్న తెల్లని చుక్కలు కనిపించవచ్చు. చీకటి ఆకాశంలో నక్షత్రాల్లా ఉంటాయని డాక్టర్లు దానికి స్టార్‌ఫీల్డ్ అని పేరు పెట్టుకున్నారు. కొవ్వు ఊపిరితిత్తులు దాటి మెదడుకు ఎలా చేరిందంటే, చిన్న చుక్కలు సన్ననాళాల్లోంచి జారిపోగలవు. పైగా నలుగురిలో ఒకరికి గుండె పైగదుల మధ్య పుట్టుకతో వచ్చిన చిన్న సందు పూడకుండా ఉండిపోతుంది. అది అడ్డదారి అవుతుంది.

తలుపు బయట బావ డాక్టర్ని పట్టుకున్నాడు. "దీనికి ఇంజక్షన్ ఉంటే చెప్పండి సార్. ఎంతైనా సరే, బయటి నుంచి తెస్తాం."

మత్తు డాక్టర్ అతని భుజం మీద చెయ్యి వేసి చెప్పిన మాటలు జాగ్రత్తగా వినాలి. "ఇంజక్షన్ లేదయ్యా. ఆ కొవ్వును కరిగించే మందు ఇప్పటిదాకా లేదు. రక్తం పలచన చేసే హెపారిన్ ఇక్కడ మేలు చెయ్యదు, ప్లేట్‌లెట్లు పడి ఉన్నాయి, రక్తస్రావం అవుతుంది. స్టెరాయిడ్ మీద వాదనలున్నాయి. జబ్బు వచ్చాక ఇస్తే బాగవుతారని రుజువు లేదు. మనం చెయ్యగలిగింది ఒకటే. ఊపిరితిత్తులు వాటంతటవి మానేదాకా శరీరానికి ఆక్సిజన్ అందించడం, బీపీ పడకుండా చూడటం. అవి మానతాయి. టైమ్ ఇవ్వాలి. ఆ టైమ్ కోసమే వెంటిలేటర్ పెట్టాలి."

వెంటిలేటర్ అన్న మాట చెవిన పడగానే అమ్మ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. మన దగ్గర ఆ మాటకు వేరే అర్థం స్థిరపడిపోయింది. మిషన్ పెట్టారంటే మనిషి అయిపోయినట్టేనని, బిల్లు కోసం పెట్టారని. ఆ అనుమానాలకు కారణాలు లేవని నేననను. కానీ ఈ జబ్బులో ఆ మిషన్ వంతెన. ఈ ఒక్క సందర్భంలోనైనా సంతకానికి వెనకాడొద్దు. మనిషి మగతలో ఉన్నాడు, వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాస్క్ పీకేస్తున్నాడు, ఊపిరి కండరాలు అలిసిపోతున్నాయి. డాక్టర్ ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. "పెద్దమ్మా, ఈ జబ్బు వచ్చినవాళ్లలో నూటికి తొంభైమంది దాకా బతుకుతున్నారు. కుర్రాడు, గట్టివాడు. ఊపిరి తీసుకునే పని కొన్నాళ్లు మిషన్‌కి అప్పజెబుదాం. అంతే." అమ్మ వేలిముద్ర వేసింది.

లోపల గొట్టం వేశారు. పెద్ద ఊపిరులు ఇవ్వరు. ఎత్తును బట్టి లెక్కగట్టిన శరీర బరువులో కిలోకు ఆరు మిల్లీలీటర్లు, అంతకు మించకుండా. ఊపిరి వదిలాక గాలిగదులు పూర్తిగా ముడుచుకుపోకుండా కొంత ఒత్తిడి నిలిపి ఉంచుతారు. దెబ్బతిన్న ఊపిరితిత్తిని బలంగా ఊదితే ఇంకా దెబ్బతింటుంది. సెలైన్ కూడా అంతే. తక్కువైతే షాక్, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు, కాబట్టి మూత్రం చుక్కచుక్కా కొలుస్తూ ఇస్తారు. హిమోగ్లోబిన్ కోసం రక్తం ఎక్కించారు. పని పెద్దదేమీ కాదనిపిస్తుంది చూస్తే. కానీ ప్రతి గంటకూ ఎవరో ఒకరు అంకెలు చూసి, ఏదో ఒక మీట కొద్దిగా అటో ఇటో తిప్పుతూనే ఉన్నారు. ఈ జబ్బుకు వైద్యమంటే ఈ కాపలాయే.

మొట్టమొదట దీన్ని చూసినవాడికి ఇవేవీ లేవు. 1862లో జర్మనీలో జెంకర్ అనే వైద్యుడు, రైలు పెట్టెల మధ్య నలిగి చనిపోయిన ఒక కార్మికుడి ఊపిరితిత్తుల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి, నాళాల్లో కొవ్వు చుక్కలు చూశాడు. 1873లో ఎర్న్‌స్ట్ ఫాన్ బెర్గ్‌మన్, కప్పు మీది నుంచి పడి తొడ ఎముక నుగ్గయిన మనిషి బతికుండగానే ఇది ఫలానా అని గుర్తించాడు. ఆయనకు ఆ పోలిక తట్టడానికి కారణం, అంతకు ముందే పిల్లుల రక్తంలోకి కొవ్వు ఎక్కించి ఏమవుతుందో చూసి ఉండటం. గుర్తుపట్టగలిగాడు గానీ కాపాడలేకపోయాడు. అక్కడినుంచి ఈ ఐసీయూ దాకా వచ్చిన మార్పంతా ఆక్సిజన్ అందించే చాకచక్యంలోనే ఉంది, కొత్త మందులో కాదు.

ఇంకొక మార్పు ఉంది, అది కాలికి సంబంధించింది. విరిగిన ఎముక కదులుతున్నంత సేపూ మూలుగ కారుతూనే ఉంటుంది. పూర్వం ఈ జబ్బు భయంతోనే ఆపరేషన్ వాయిదా వేసేవారు. 1989లో అమెరికాలోని డల్లాస్‌లో లారెన్స్ బోన్ బృందం తొడ ఎముక విరిగిన 178 మందిని రెండుగా విడదీసి, కొందరికి 24 గంటల్లోపు, కొందరికి 48 గంటల తర్వాత ఎముక బిగించి పోల్చింది. చాలా గాయాలున్నవాళ్లలో ఆలస్యం చేసిన వాళ్లకే ఊపిరితిత్తుల చిక్కులు ఎక్కువ వచ్చాయి. అందుకే ఒంటి పరిస్థితి అనుకూలిస్తే మొదటి రోజే బిగించమంటారు. మన కుర్రాడి విషయంలో ఆదివారం అడ్డొచ్చింది. ఎముకకు ఆదివారం తెలియదు. జిల్లా పెద్దాసుపత్రుల్లో తొడ ఎముక కోసం సెలవు రోజు కూడా ఒక థియేటర్, ఒక మత్తు డాక్టర్, ఒక టెక్నీషియన్ ఉండాలన్నది గొంతెమ్మ కోరిక కాదు. ఆ మూడూ లేకపోతే ఖర్చు ఐసీయూలో తేలుతుంది.

ఇప్పుడు ఊపిరితిత్తులు ఈ స్థితిలో ఉండగా రాడ్ వేస్తే? రాడ్ కోసం ఎముక బోలును తొలిచేటప్పుడు లోపల ఒత్తిడి పెరిగి మరింత కొవ్వు పైకి పోతుంది. గొంతులోంచి స్కాన్ గొట్టం పెట్టి చూస్తే ఆ తొలిచే నిమిషాల్లో గుండెలోకి చుక్కలు దూసుకొస్తూ కనిపిస్తాయి. అందుకని మంగళవారం, బీపీ నిలబడ్డాక, బయటి నుంచి చర్మం గుండా పిన్నులు దింపి, బయటే ఇనుప కడ్డీతో బిగించారు. అరగంట పని. ఎముక కదలడం ఆగింది. రాడ్ తర్వాత.

నాలుగో రోజు ఎక్స్‌రేలో మసక అంచులు పలచబడ్డాయి. ప్లేట్‌లెట్లు లేచాయి. చంకలో చుక్కలు గోధుమరంగుకు తిరిగి, వెతికితే గానీ కనిపించడం లేదు. అయిదో రోజు మత్తు తగ్గించి పిలిస్తే కళ్లు తెరిచాడు, చెయ్యి నొక్కమంటే నొక్కాడు. ఆరో రోజు గొట్టం తీశారు. గొంతు బొంగురుపోయింది. అమ్మను గుర్తుపట్టాడు, బావను గుర్తుపట్టాడు, రోజు మాత్రం ఆదివారమనే అనుకుంటున్నాడు. ఇంకో రెండు వారాలు మాటలు వెతుక్కున్నాడు, లెక్కలు తప్పాడు, ఊరికే చిరాకుపడ్డాడు. మెదడు కుదురుకోవడానికి ఊపిరితిత్తుల కన్నా ఎక్కువ సమయం పడుతుంది. చాలామందికి మళ్లీ మామూలవుతుంది. కొందరికి కొంత మిగులుతుంది. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి, లేకపోతే ఇంటికి పోయాక పిచ్చిపట్టిందనుకుంటారు. రెండో వారం చివర, మత్తు డాక్టర్ కళ్లు మానిటర్ మీది నుంచి తిప్పకుండా కూర్చోగా, సర్జన్ నెమ్మదిగా తొలుస్తూ రాడ్ దింపాడు. శాచురేషన్ ఒకసారి 94కు దిగి మళ్లీ ఎక్కింది.

ఇది బండి ప్రమాదాల జబ్బేననుకోకండి. రెండు మోకాళ్లూ ఒకేసారి మార్పించుకునే అమ్మానాన్నలకూ ఈ ప్రమాదం ఉంది. వయసు పైబడి, గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉంటే ఒక్కోసారి ఒక్కో మోకాలు చేయించుకోవడం గురించి సర్జన్ని తప్పక అడగండి. పొట్ట కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ తర్వాత కూడా వచ్చింది. ఆదిలాబాద్ గూడేల్లో, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లకు ఎముక విరగకుండానే రావచ్చు. తీవ్రమైన ఎముకల నొప్పి వచ్చినప్పుడు మూలుగ చచ్చి కొవ్వు రక్తంలోకి పోతుంది. సికిల్ సెల్ మనిషికి ఒళ్లునొప్పులతో పాటు ఆయాసం, మతితప్పడం వస్తే ఆ పూట ఆగకూడదు.

రోడ్డు మీద తొడ విరిగిన మనిషి కనిపిస్తే ఆటోలో మడిచి కూర్చోబెట్టొద్దు. 108 వచ్చేదాకా కాలు కదలకుండా పట్టుకోండి. తప్పనిసరైతే విరిగిన కాలిని రెండో కాలికి కలిపి, మధ్యలో దుప్పటి పెట్టి, కండువాలతో కట్టండి. నాటుకట్టు కట్టించడానికి ఊళ్లు దాటించి తిప్పే ఆలోచన తొడ ఎముక విషయంలో మానుకోండి. ఆ కుదుపుల్లో ప్రతి మైలుకూ మూలుగ కారుతుంది.

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో బీరువా అరలో పడి ఉంది. బ్యాటరీ మార్చి ఆసుపత్రికి తీసుకెళ్లండి. తొడ ఎముక విరిగినవాళ్ల పక్కన, లేదా పెద్ద ఎముక ఆపరేషన్ అయినవాళ్ల పక్కన, మొదటి మూడు రాత్రులు గంటకోసారి వేలికి పెట్టి చూడండి. 94 కంటే తగ్గినా, ఊపిరి నిమిషానికి పాతిక దాటినా, చంకలో ఎర్రచుక్కలు కనిపించినా, నిన్నటిదాకా తిన్నగా మాట్లాడిన మనిషి మాట తప్పినా, పౌడరు రాయకండి, పొద్దునదాకా ఆగకండి. వెళ్లి సిస్టర్‌కి చెప్పండి. ఆమె పనిలో ఉండి వినకపోతే మళ్లీ వెళ్లి, అంకెతో సహా చెప్పండి.